లీగ్ క్రీడల్లో విజేత నిర్ణయం: ప్లేఆఫ్ పద్ధతుల పరిశీలన

వ్యాససంగ్రహం:

లీగ్ పద్ధతిలో నిర్వహించే క్రీడాపోటీల్లో వారాల తరబడి సాగిన ఆటల ఫలితాలను పాయింట్ల పట్టిక నమోదు చేస్తుంది. ఆ తరువాత మూడు నాలుగు ఆటల్లో ముగిసే ప్లేఆఫ్ దశ విజేతను ప్రకటిస్తుంది. ఈ రెండింటి తీర్పులు అనేక సందర్భాల్లో వేరువేరుగా ఉంటాయి. ఆ భేదం ఎందుకు కలుగుతుందో, దాన్ని తగ్గించడానికి ఏ పద్ధతులు ఏర్పడ్డాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) 2008 నుండి 2025 వరకు అనుసరించిన రెండు పద్ధతులు ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు. హైదరాబాదు జట్ల అనుభవం ఉదాహరణగా స్వీకరింపబడింది. ప్రతి ప్లేఆఫ్ పద్ధతీ 'విజేత' అనే పదానికి ముందుగానే ఒక నిర్వచనాన్ని ఇచ్చి, ఆ నిర్వచనానికి సరిపోయే జట్టును ఎంపిక చేస్తుందని చూపడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: లీగ్ దశ, నాకౌట్, ప్లేఆఫ్, పేజ్ పద్ధతి, సంభావ్యత, నెట్ రన్‌రేట్, ఐపీఎల్, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

2009 మే 24న దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఐపీఎల్ ఫైనల్‌లో హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్, బెంగళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి విజేతగా నిలిచింది. అంతకుముందు సంవత్సరం 14 ఆటల్లో రెండింటిలో మాత్రమే గెలిచి పట్టికలో చిట్టచివర నిలిచిన జట్టు ఇదే. అందువల్ల ఈ విజయం తెలుగు క్రీడాభిమానుల జ్ఞాపకాల్లో ప్రత్యేకస్థానం పొందింది.

అయితే ఆ సంవత్సరపు పాయింట్ల పట్టిక మరో కథ చెబుతుంది. లీగ్ దశలో డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటలు ఆడి ఏడింటిలో గెలిచి, ఏడింటిలో ఓడి, 14 పాయింట్లతో నాలుగవ స్థానంలో నిలిచింది. ఢిల్లీ జట్టు 10 ఆటలు గెలిచి 20 పాయింట్లతో అగ్రస్థానం పొందింది. ఈ రెండు జట్లు సెమీఫైనల్‌లో తలపడ్డాయి. డెక్కన్ గెలిచింది. ఢిల్లీ ఇంటిముఖం పట్టింది. 14 ఆటల్లో సంపాదించిన ఆధిక్యం ఒక్క సాయంత్రంలో చెల్లకుండా పోయింది.

ఆ సంవత్సరం ఉత్తమమైన జట్టు ఏది అన్న ప్రశ్నకు పట్టిక ఒక సమాధానం, కప్పు మరొక సమాధానం ఇచ్చాయి. రెండు సమాధానాలూ నియమబద్ధమైనవే. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. ఏ నియమం ప్రకారం విజేతను నిర్ణయించాలని పోటీకి ముందే అంగీకరించారో ఆ నియమమే అమలయింది. కాబట్టి పరిశీలించవలసింది ఆ నియమ స్వభావాన్ని.

2. లీగ్, నాకౌట్ - రెండు రకాల సాక్ష్యాలు:

క్రీడాపోటీల నిర్వహణలో రెండు మూలపద్ధతులు ఉన్నాయి. మొదటిది ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నింటితో ఆడే లీగ్ పద్ధతి. ఇంగ్లండులోని ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీ దీనికి శుద్ధమైన ఉదాహరణ. అక్కడ 20 జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగిలిన 19 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి చొప్పున 38 ఆటలు ఆడుతుంది. చివరికి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టే విజేత. ప్లేఆఫ్‌తో పని లేదు. ఒక ఆటలో దురదృష్టం వెంటాడినా మిగిలిన ఆటల్లో సరిదిద్దుకునే వీలుంటుంది. అందువల్ల యాదృచ్ఛికత ప్రభావం తక్కువ. అయితే ఒక జట్టు చాలా ముందుకు వెళ్లిపోతే, పోటీ ముగియడానికి కొన్ని వారాల ముందే విజేత తేలిపోతుంది. ఆపై మొదటి స్థానం కోసం ఉత్కంఠ మిగలదు.

రెండవది నాకౌట్ పద్ధతి. ఓడిన జట్టు వెంటనే నిష్క్రమిస్తుంది. 16 జట్లున్న పోటీని 15 ఆటల్లో ముగించవచ్చు. ప్రతి ఆటా నిర్ణాయకమే. అయితే ఒక్క ఆట ఫలితం జట్టు బలానికి బలహీనమైన సాక్ష్యం. ముఖ్యంగా 20 ఓవర్ల క్రికెట్‌లో టాస్, మంచు, ఒక్క ఆటగాడి మెరుపు ఇన్నింగ్స్ ఫలితాన్ని తారుమారు చేయగలవు.

ప్లేఆఫ్ ఈ రెండింటి కలయిక. లీగ్ దశ విస్తృతమైన సాక్ష్యాన్ని సేకరిస్తుంది, నాకౌట్ దశ స్పష్టమైన, ఉత్కంఠభరితమైన ముగింపును ఇస్తుంది. ఇక్కడే అసలు ప్రశ్న తలెత్తుతుంది. లీగ్ దశలో సంపాదించిన ఆధిక్యంలో ఎంత భాగాన్ని నాకౌట్ దశలోకి తీసుకుపోనివ్వాలి? సాధారణంగా దీనికి నాలుగు మార్గాలు కనిపిస్తాయి. ఒకటి, ప్రవేశార్హత మాత్రమే ఇవ్వడం. రెండు, పై స్థానంలో ఉన్న జట్టుకు బలహీనమైన ప్రత్యర్థిని కేటాయించడం. మూడు, సొంత మైదానం లేదా విశ్రాంతి కల్పించడం. నాలుగు, ఒకసారి ఓడినా మరొక అవకాశం ఇవ్వడం. వేర్వేరు ప్లేఆఫ్ పద్ధతులన్నీ ఈ నాలుగింటి మిశ్రమాలే.

3. సెమీఫైనల్ పద్ధతి (2008-2010):

ఐపీఎల్ తొలి మూడు సంవత్సరాలు సుపరిచితమైన సెమీఫైనల్ పద్ధతిని అనుసరించింది. పట్టికలో మొదటి జట్టు నాలుగవ జట్టుతో, రెండవ జట్టు మూడవ జట్టుతో తలపడేవి. గెలిచిన రెండు జట్లు ఫైనల్ ఆడేవి. విజేతను తేల్చడానికి మూడు ఆటలు.

నాలుగు జట్లూ సమాన బలం గలవని, ప్రతి ఆటలోనూ గెలుపు ఓటములకు సమాన అవకాశం ఉందని అనుకుంటే, ప్రతి జట్టూ కప్పు గెలిచే సంభావ్యత 1/4. మొదటి స్థానంలో ఉన్నా, నాలుగవ స్థానంలో ఉన్నా ఇదే విలువ. పైన చెప్పిన నాలుగు మార్గాల్లో ఈ పద్ధతి మొదటి రెండింటినే వాడుకుంటుంది. అందులోనూ రెండవది నామమాత్రం. పట్టికలో నాలుగవ జట్టు నిజంగా బలహీనమైనదైతేనే మొదటి జట్టుకు దానివల్ల ప్రయోజనం కలుగుతుంది.

ఆ మూడు సంవత్సరాల ఫలితాలు ఈ లెక్కకు అనుగుణంగానే చెదురుగా ఉన్నాయి. 2008లో అగ్రస్థానంలో ఉన్న రాజస్థాన్ గెలిచింది. 2009లో నాలుగవ స్థానంలోని డెక్కన్ ఛార్జర్స్ గెలిచింది. 2010లో మూడవ స్థానంలోని చెన్నై విజేత అయింది. ఆ సంవత్సరం రెండవ స్థానం పొందిన డెక్కన్ ఛార్జర్స్‌ను సెమీఫైనల్‌లో ఓడించింది చెన్నై జట్టే. 2009లో ఏ నియమం హైదరాబాదుకు కప్పు తెచ్చిపెట్టిందో, 2010లో అదే నియమం పైస్థానంలో ఉన్న హైదరాబాదును ఒక్క ఓటమితో బయటికి పంపింది.

4. పేజ్ పద్ధతి - ఆస్ట్రేలియా నేపథ్యం:

ఐపీఎల్ 2011లో జట్ల సంఖ్యను పదికి పెంచుతూ ప్లేఆఫ్ పద్ధతిని కూడా మార్చింది. కొత్తగా స్వీకరించిన విధానానికి మూలం ఆస్ట్రేలియాలో ఉంది.

మెల్‌బోర్న్ కేంద్రంగా సాగిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆర్గస్ పద్ధతి అనే విధానం అమల్లో ఉండేది. అందులో మొదటి నాలుగు జట్లు సెమీఫైనళ్లు, ఫైనల్ ఆడేవి. పట్టికలో అగ్రస్థానం పొందిన జట్టు ఆ దారిలో ఎక్కడైనా ఓడిపోతే, చివరికి గెలిచిన జట్టును మరొకసారి సవాలు చేసే హక్కు దానికి ఉండేది. అగ్రస్థానానికి ఇంత గట్టి రక్షణ కల్పించిన పద్ధతులు అరుదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. అగ్రస్థానంలోని జట్టు ఓడకుండా వస్తే సవాలు ఆట ఉండదు, ఓడితే ఉంటుంది. చివరి ఆట జరుగుతుందో లేదో ముందుగా చెప్పలేని స్థితిలో ఏర్పాట్లు చేయడం, టికెట్ల ఆదాయాన్ని అంచనా వేయడం నిర్వాహకులకు కష్టం.

1931లో ఆ లీగ్ కొత్త పద్ధతిని చేపట్టింది. దీన్ని రూపొందించినవాడు కెన్ మెకింటైర్ అనే న్యాయవాది. దీన్ని లీగ్ ముందుంచిన రిచ్‌మండ్ క్లబ్ కార్యదర్శి పెర్సీ పేజ్ పేరు మీద ఇది పేజ్ పద్ధతిగా, ఇద్దరి పేర్లతో పేజ్-మెకింటైర్ పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. 1971 వరకు ఆ లీగ్‌లో ఇదే కొనసాగింది. ఆ తరువాత మెకింటైర్ ఐదు, ఆరు, ఎనిమిది జట్లకు సరిపడే రూపాలను కూడా తయారుచేశాడు. కర్లింగ్ వంటి ఇతర క్రీడలు కూడా నాలుగు జట్ల రూపాన్ని స్వీకరించాయి.

ఈ పద్ధతి ఎప్పుడూ కచ్చితంగా నాలుగు ఆటల్లోనే ముగుస్తుంది. అగ్రజట్లకు రెండవ అవకాశం ఇస్తూనే, ఆటల సంఖ్యను ముందుగా స్థిరపరచడం దీని విశిష్టత. ఆర్గస్ పద్ధతిలో మొదటి జట్టుకు ఒక్కదానికే ఉన్న ప్రత్యేకహక్కును పేజ్ పద్ధతి రెండవ జట్టుకు కూడా పంచింది. ఆ పంపకం వల్ల కలిగిన పరిణామాలు ఐపీఎల్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

5. పేజ్ పద్ధతి నిర్మాణం, సంభావ్యత:

ఐపీఎల్‌లో ఈ నాలుగు ఆటలకు క్వాలిఫయర్-1, ఎలిమినేటర్, క్వాలిఫయర్-2, ఫైనల్ అనే పేర్లు ఉన్నాయి. పట్టికలో మొదటి, రెండవ జట్లు క్వాలిఫయర్-1లో తలపడతాయి. గెలిచిన జట్టు నేరుగా ఫైనల్ చేరుతుంది. ఓడిన జట్టు నిష్క్రమించకుండా క్వాలిఫయర్-2కు వెళుతుంది. మూడవ, నాలుగవ జట్లు ఎలిమినేటర్ ఆడతాయి. ఓడిన జట్టు నిష్క్రమిస్తుంది, గెలిచిన జట్టు క్వాలిఫయర్-2లో క్వాలిఫయర్-1 పరాజితను ఎదుర్కొంటుంది. అందులో గెలిచిన జట్టుకు ఫైనల్‌లో రెండవ బెర్తు దక్కుతుంది.

నాలుగు జట్లూ సమాన బలం గలవని మళ్లీ అనుకుందాం. మొదటి రెండు స్థానాల్లోని జట్టు రెండు దారుల్లో కప్పు గెలవవచ్చు. క్వాలిఫయర్-1, ఫైనల్ గెలవడం మొదటి దారి. దీని సంభావ్యత 1/4. క్వాలిఫయర్-1 ఓడి, క్వాలిఫయర్-2, ఫైనల్ గెలవడం రెండవ దారి. దీని సంభావ్యత 1/8. రెండూ కలిపితే 3/8. మూడవ, నాలుగవ జట్లకు ఒకే దారి ఉంది. వరుసగా మూడు ఆటలు గెలవాలి. దాని సంభావ్యత 1/8. అంటే బలాబలాల్లో ఏ తేడా లేకపోయినా, పైరెండు స్థానాల్లోని జట్టుకు కిందిరెండు స్థానాల్లోని జట్టు కంటే మూడురెట్ల అవకాశాన్ని పద్ధతే కల్పిస్తుంది.

బలమైన జట్టు విషయంలో ఈ తేడా ఎలా ఉంటుందో చూడవచ్చు. ఏ ప్రత్యర్థిపైనైనా 60 శాతం గెలుపు అవకాశం ఉన్న జట్టును ఊహిస్తే, సెమీఫైనల్ పద్ధతిలో అది కప్పు గెలిచే అవకాశం 36 శాతం. పేజ్ పద్ధతిలో పైరెండు స్థానాల్లో ఉంటే 50.4 శాతం. మూడవ లేదా నాలుగవ స్థానంలో ఉంటే 21.6 శాతం. జట్టు అదే, బలం అదే. పట్టికలో ఒక్క మెట్టు దిగి రెండవ స్థానం నుండి మూడవ స్థానానికి వస్తే దాని అవకాశం సగానికంటే తక్కువకు పడిపోతుంది.

ఈ లెక్కలో లేని మరో అంశం విశ్రాంతి. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఢిల్లీలో మే 25న ఎలిమినేటర్, మే 27న క్వాలిఫయర్-2 ఆడి, మే 29న బెంగళూరులో ఫైనల్ ఆడింది. ఐదు రోజుల్లో మూడు ఆటలు, మధ్యలో దూరప్రయాణం. ప్రత్యర్థి బెంగళూరు జట్టు మే 24న సొంత మైదానంలో క్వాలిఫయర్-1 గెలిచి, అదే మైదానంలో ఫైనల్ కోసం వేచి ఉంది.

6. 2011-2025 ఫలితాల విశ్లేషణ:

పేజ్ పద్ధతిలో 2011 నుండి 2025 వరకు 15 ఐపీఎల్ పోటీలు జరిగాయి. లీగ్ దశలో విజేత పొందిన స్థానాన్ని బట్టి వాటిని ఇలా వర్గీకరించవచ్చు.

మొదటి స్థానం - 5 పర్యాయాలు (2017, 2019, 2020, 2022, 2024).
రెండవ స్థానం - 9 పర్యాయాలు (2011, 2012, 2013, 2014, 2015, 2018, 2021, 2023, 2025).
మూడవ స్థానం - 1 పర్యాయం (2016).
నాలుగవ స్థానం - ఒక్కసారీ లేదు.

విజేత ఫైనల్ చేరిన దారిని బట్టి చూస్తే, 15లో 12 పర్యాయాలు క్వాలిఫయర్-1 గెలిచిన జట్టే కప్పు గెలిచింది. క్వాలిఫయర్-1 ఓడి కూడా రెండవ అవకాశంతో కప్పు గెలవడం 2013, 2017 సంవత్సరాల్లో రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ఆ జట్టు ముంబయి. ఎలిమినేటర్ నుండి వచ్చి గెలిచిన ఏకైక జట్టు 2016 నాటి సన్‌రైజర్స్ హైదరాబాద్. ఆ జట్టు ఎలిమినేటర్‌లో కోల్‌కతాను, క్వాలిఫయర్-2లో పట్టికలో అగ్రస్థానం పొందిన గుజరాత్ లయన్స్‌ను, ఫైనల్‌లో బెంగళూరును 8 పరుగుల తేడాతో ఓడించింది.

పైరెండు స్థానాల జట్లు 15లో 14 సార్లు గెలవడాన్ని రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. సమాన బలం గల జట్లయినా ఈ పద్ధతిలో సగటున 11 సార్లకు పైగా పైరెండు జట్లే గెలవాలి. కాబట్టి ఫలితంలో అధికభాగం పద్ధతి కల్పించిన అనుకూలతకు చెందుతుంది. మిగిలినది ఆ జట్ల వాస్తవ బలం కావచ్చు, యాదృచ్ఛికత కావచ్చు. ఈ 15 ఫలితాల ఆధారంగా ఆ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. ఈ పరిమితిని గుర్తించకుండా 'పట్టికలో పైన ఉన్న జట్లే గెలుస్తున్నాయి కనుక పట్టిక బలాన్ని సరిగా కొలుస్తోంది' అని తేల్చడం చక్రీయవాదం అవుతుంది. ఎందుకంటే పైన ఉన్న జట్లకు గెలుపుదారిని సుగమం చేసింది పద్ధతే.

7. రెండవ, మూడవ స్థానాల మధ్య సరిహద్దు:

పై విశ్లేషణను బట్టి ఐపీఎల్ లీగ్ దశలో అత్యంత విలువైన సరిహద్దు రెండవ, మూడవ స్థానాల మధ్య ఉంది. నాలుగవ, ఐదవ స్థానాల మధ్య ఉన్న గీత ప్లేఆఫ్ ప్రవేశాన్ని నిర్ణయిస్తుంది కనుక ప్రేక్షకుల దృష్టి దానిపైనే ఉంటుంది. కాని నాలుగవ స్థానంతో లభించేది 1/8 అవకాశం. మూడు నుండి రెండుకు ఎగబాకితే అదనంగా లభించేది 2/8. అంటే రెండవ మెట్టు విలువ ప్రవేశద్వారం విలువకు రెట్టింపు.

ఇంత విలువైన సరిహద్దును అనేకసార్లు చాలా చిన్న తేడాలు నిర్ణయించాయి. 2015లో ముంబయి, బెంగళూరు, రాజస్థాన్ మూడూ 16 పాయింట్లతో సమానంగా నిలిచాయి. ఆనాటి నిబంధన ప్రకారం పాయింట్లు సమానమైతే ముందుగా గెలుపుల సంఖ్యను, ఆపై నెట్ రన్‌రేట్‌ను పరిగణించాలి. ముంబయి 8 ఆటలు గెలిచింది. మిగిలిన రెండు జట్లు ఏడేసి ఆటలు గెలిచి, ఫలితం తేలని రెండేసి ఆటల ద్వారా మిగతా పాయింట్లు పొందాయి. నెట్ రన్‌రేట్‌లో బెంగళూరు ముంబయి కంటే మెరుగ్గా ఉన్నా, గెలుపుల సంఖ్య వల్ల రెండవ స్థానం ముంబయికి దక్కింది. ముంబయి క్వాలిఫయర్-1లోనూ, ఫైనల్‌లోనూ చెన్నైని ఓడించి విజేత అయింది. సమాన పాయింట్ల జట్లను వేరుచేసే నిబంధనలో క్రమం మారి ఉంటే ముంబయి ఎలిమినేటర్ ఆడవలసి వచ్చేది.

2019లో ముంబయి, చెన్నై, ఢిల్లీ 18 పాయింట్లతో సమానంగా నిలిచాయి. నెట్ రన్‌రేట్ ఢిల్లీని మూడవ స్థానానికి నెట్టింది. ఒక జట్టు ఓవరుకు సగటున చేసిన పరుగుల నుండి, ప్రత్యర్థులకు ఓవరుకు సగటున ఇచ్చిన పరుగులను తీసివేస్తే వచ్చేదే నెట్ రన్‌రేట్. ఢిల్లీ విశాఖపట్నంలో ఎలిమినేటర్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను ఓడించినా, అదే విశాఖపట్నంలో క్వాలిఫయర్-2లో చెన్నై చేతిలో ఓడింది. చెన్నై అప్పటికే క్వాలిఫయర్-1లో ముంబయి చేతిలో ఓడి, రెండవ అవకాశంతో అక్కడికి వచ్చింది. సమానమైన పాయింట్లు గల రెండు జట్లు ప్లేఆఫ్‌లో చెరొక ఓటమి పొందిన స్థితిలో ఒకటి ఫైనల్‌కు, మరొకటి ఇంటికి వెళ్లాయి.

2024 ఉదాహరణలో వర్షం కూడా పాలుపంచుకుంది. మే 19న గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా జట్ల మధ్య జరగవలసిన ఆట వర్షం వల్ల రద్దయింది. అదే రోజు హైదరాబాదులో సన్‌రైజర్స్ పంజాబ్‌ను ఓడించింది. రెండు జట్లూ 17 పాయింట్లతో సమానమయ్యాయి. నెట్ రన్‌రేట్ వల్ల హైదరాబాదు రెండవ స్థానం, రాజస్థాన్ మూడవ స్థానం పొందాయి. గువాహటిలో ఆట జరిగి రాజస్థాన్ గెలిచి ఉంటే ఈ స్థానాలు తారుమారయ్యేవి. క్వాలిఫయర్-1లో కోల్‌కతా చేతిలో ఓడిన హైదరాబాదు, క్వాలిఫయర్-2లో రాజస్థాన్‌ను ఓడించి ఫైనల్ చేరింది. అక్కడ మళ్లీ కోల్‌కతాయే గెలిచింది. 2009లో ఒక్క సెమీఫైనల్ ఓటమితో ఢిల్లీకి దక్కని రెండవ అవకాశం 2024లో హైదరాబాదుకు దక్కింది.

8. అగ్రస్థానం విలువ:

పేజ్ పద్ధతిపై రాగల ప్రధానమైన విమర్శ అగ్రస్థానానికి సంబంధించినది. ఈ పద్ధతిలో మొదటి స్థానానికి, రెండవ స్థానానికి దారిలో తేడా ఏమీ లేదు. రెండూ క్వాలిఫయర్-1 ఆడతాయి, రెండింటికీ రెండవ అవకాశం ఉంటుంది. 15 పోటీల్లో క్వాలిఫయర్-1ను రెండవ స్థానంలోని జట్టు 10 సార్లు, మొదటి స్థానంలోని జట్టు 5 సార్లు గెలిచాయి. దీని ఆధారంగా రెండవ స్థానమే మేలైనదని భావించనవసరం లేదు. నాణెం 15 సార్లు ఎగురవేసినప్పుడు ఏదో ఒక వైపు 10 లేదా అంతకుమించి పడే సంభావ్యత సుమారు 30 శాతం. కాబట్టి ఇది అసాధారణ ఫలితం కాదు. అయితే మొదటి స్థానానికి రెండవ స్థానం కంటే గణనీయమైన అదనపు విలువ ఉందనడానికి కూడా ఇందులో ఆధారం కనిపించదు.

2018 దీనికి సంక్లిష్టమైన ఉదాహరణ. సన్‌రైజర్స్ హైదరాబాద్, చెన్నై 18 పాయింట్లతో సమానంగా నిలిచాయి. నెట్ రన్‌రేట్ హైదరాబాదుకు అగ్రస్థానం ఇచ్చింది. కాని ఆ సంవత్సరం ఈ రెండు జట్లు లీగ్ దశలో రెండుసార్లు, క్వాలిఫయర్-1లో ఒకసారి, ఫైనల్‌లో ఒకసారి తలపడగా నాలుగుసార్లూ చెన్నైయే గెలిచింది. అందరితో ఆడిన ఆటల మొత్తంలో హైదరాబాదు వెనుకబడలేదు. ముఖాముఖి ఆటల్లో మాత్రం చెన్నైదే పైచేయి. ఇక్కడ చెన్నై విజేత కావడాన్ని 2009 నాటి ఫలితంతో సమానంగా చూడలేం. ప్లేఆఫ్ ఇక్కడ పట్టికను తోసిపుచ్చలేదు. పట్టికలో ఇమడని ఒక సత్యాన్ని వెలికితీసింది.

9. ఇతర పరిష్కారాలు:

పట్టికకు, కప్పుకు మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని ఇతర లీగులు మరికొన్ని విధాలుగా పరిష్కరించుకున్నాయి.

ఒకటి, రెండు బహుమతులు ఇవ్వడం. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీ 2019-20 నుండి లీగ్ దశలో అగ్రస్థానం పొందిన జట్టుకు షీల్డును, ప్లేఆఫ్ విజేతకు కప్పును వేరువేరుగా ఇవ్వసాగింది. 2021-22లో జంషెడ్‌పూర్ షీల్డు గెలిచింది. పట్టికలో రెండవ స్థానం పొందిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది. 2009లో ఢిల్లీకి దక్కని గుర్తింపు 2022లో జంషెడ్‌పూర్‌కు దక్కింది. హైదరాబాదు విజయం విలువ దానివల్ల ఏమీ తగ్గలేదు.

రెండు, పైస్థానాలకు ఒక మెట్టు మినహాయించడం. ప్రో కబడ్డీ లీగ్ 2019లో జరిగిన 7వ సీజన్ నుండి కొన్ని సీజన్ల పాటు పట్టికలో మొదటి రెండు జట్లను నేరుగా సెమీఫైనల్‌కు పంపి, మూడు నుండి ఆరు స్థానాల జట్లకు ఎలిమినేటర్లు నిర్వహించింది. ఇందులో అగ్రజట్లకు ఒక ఆట శ్రమ తప్పుతుంది, రెండవ అవకాశం మాత్రం ఉండదు.

మూడు, ఒకే ప్రత్యర్థితో అనేక ఆటలు ఆడించడం. అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టే విజేత. గరిష్ఠంగా ఏడు ఆటలు జరుగుతాయి. ఒక్క ఆటలో 60 శాతం గెలుపు అవకాశం గల జట్టు మూడు ఆటల సిరీస్‌ను గెలిచే సంభావ్యత 64.8 శాతం, ఏడు ఆటల సిరీస్‌ను గెలిచే సంభావ్యత సుమారు 71 శాతం. ఇది యాదృచ్ఛికతను తగ్గించే సూటి మార్గం. అయితే దీనికి సమయం కావాలి. వేసవిలో రెండు నెలల్లో ముగియవలసిన క్రికెట్ లీగ్‌కు అది ఆచరణసాధ్యం కాదు. ఏడు ఆటలు ఆడించినా బలహీనమైన జట్టుకు 29 శాతం అవకాశం మిగిలే ఉంటుందన్నది కూడా గమనార్హం.

10. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. సెమీఫైనల్ పద్ధతి లీగ్ దశను ప్రవేశపరీక్షగా మాత్రమే చూస్తుంది. ఆ మెట్టు దాటిన తరువాత నాలుగు జట్లూ దాదాపు సమానమే. 2009లో హైదరాబాదు విజయం ఆ నిర్వచనానికి అనుగుణమైన విజయం.

2. పేజ్ పద్ధతి లీగ్ దశలోని ఆధిక్యాన్ని రెండవ అవకాశం రూపంలో తరువాతి దశకు చేరవేస్తుంది. సమాన బలం గల జట్ల మధ్య కూడా పైరెండు స్థానాలకు 3/8, కిందిరెండు స్థానాలకు 1/8 చొప్పున అవకాశం ఇస్తుంది.

3. అందువల్ల ఈ పద్ధతిలో అత్యంత విలువైన సరిహద్దు రెండవ, మూడవ స్థానాల మధ్య ఉంది. 2015, 2019, 2024 సంవత్సరాల్లో సమాన పాయింట్లు గల జట్లను ఉపనిబంధనలే ఈ గీతకు అటూ ఇటూ నిలిపాయి. కాబట్టి పాయింట్లు సమానమైనప్పుడు వర్తించే నిబంధనలను విజేత నిర్ణయంలో భాగంగానే పరిగణించాలి.

4. పేజ్ పద్ధతి అగ్రస్థానానికి రెండవ స్థానాన్ని మించిన ప్రత్యేక రక్షణ ఇవ్వదు. ఆర్గస్ పద్ధతిలో ఉన్న ఆ హక్కును ఆటల సంఖ్య స్థిరంగా ఉండటం కోసం వదులుకున్నారు.

5. 15 పోటీల ఫలితాలు పద్ధతి ప్రభావాన్ని చూపడానికి సరిపోతాయి గాని, జట్ల వాస్తవ బలాన్ని దాని నుండి విడదీసి కొలవడానికి సరిపోవు.

విజేతను నిర్ణయించే నియమం ఏదైనా అది ఒక ఎంపికే. దీర్ఘకాల నిలకడకు విలువ ఇవ్వాలా, నిర్ణాయక క్షణంలో నిలబడగల శక్తికి విలువ ఇవ్వాలా, ఒక్కొక్కదానికి ఎంతెంత ఇవ్వాలి అన్నది గణితం తేల్చే విషయం కాదు. గణితం చేయగలిగినది ఆ ఎంపిక మూల్యాన్ని లెక్కగట్టడం. 2009లో నాలుగవ స్థానం నుండి, 2016లో మూడవ స్థానం నుండి హైదరాబాదు జట్లు కప్పు గెలిచాయి. మొదటి సందర్భంలో గెలవవలసిన ఆటలు రెండు, రెండవ సందర్భంలో మూడు. ఆ ఒక్క ఆట తేడాయే రెండు పద్ధతుల మధ్య ఉన్న భేదం. 2009లో పేజ్ పద్ధతి అమల్లో ఉంటే డెక్కన్ ఛార్జర్స్ కూడా మూడు ఆటలు గెలవవలసి వచ్చేది, అగ్రస్థానంలోని ఢిల్లీకి ఒక్క ఓటమిని తట్టుకునే వీలుండేది. అప్పుడు విజేత ఎవరయ్యేవారో ఎవరూ చెప్పలేరు. ఎంత కష్టపడి గెలవవలసి వచ్చేదో మాత్రం చెప్పవచ్చు.